యాంటెన్నా పోయె.. డిష్షే దిక్కాయె

* భూతల టీవీ ప్రసారాలకు తెర
* సీమకు చేరని డిజిటల్‌ సేవలు
* కొండల నడుమ ఉచిత టీవీ తీరుతెన్నులు

కొండాపురం: మిద్దెపై నిలువునా ఇనుప గొట్టం, దాని కొసన అల్యూమినియం కడ్డీల యాంటెన్నా, అక్కడి నుంచి కిటికీ గుండా ఇంట్లోకి దిగే తీగ. ఒకప్పుడు పల్లెలో టీవీ ఉన్న ఇంటికి ఇదే ఆనవాలు. బొమ్మ చెదిరినప్పుడల్లా ఒకరు మిద్దె ఎక్కి గొట్టాన్ని తిప్పడం, మరొకరు గడపలో నిలబడి ‘ఆ.. చాలు’ అని కేక వేయడం జిల్లా ప్రజలకు పరిచితమైన దృశ్యమే. నేడు గొట్టం ఎంత తిప్పినా ఫలితం శూన్యం. భూతల ప్రసారిణులు దశలవారీగా మూతపడటంతో నెలవారీ రుసుము లేకుండా టీవీ చూడదలచిన కుటుంబానికి చిన్న డిష్‌ ఒక్కటే ఆధారంగా మిగిలింది. భూతల ప్రసారాలు ఎలా వచ్చాయి, కొండాపురం వంటి చోట్ల ఎందుకు సరిగా అందలేదు, వాటి స్థానంలో రావలసిన డిజిటల్‌ ప్రసారాలు ఎక్కడ ఆగిపోయాయి, ప్రస్తుతమున్న మార్గమేమిటన్న అంశాలపై వివరాలివి.

నింగి నుంచి నేలకు..

దేశంలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ఆరంభమయ్యాయి. తెలుగు పల్లెలకు మాత్రం టీవీ తొలుత ఆకాశం నుంచే దిగింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఏడాది పాటు సాగిన ‘సైట్‌’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌ సహా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్‌-6 ద్వారా వ్యవసాయ, ఆరోగ్య, విద్యా కార్యక్రమాలు అందించారు. సుమారు పది అడుగుల వెడల్పున్న వల డిష్‌లను గ్రామాల్లో నెలకొల్పి, ఊరంతటికీ ఒకే టీవీని ఉంచారు. గడువు ముగియగానే ఉపగ్రహాన్ని వెనక్కు తీసుకోవడంతో ఆ ప్రసారాలు నిలిచిపోయాయి.

అనంతరం 1977 అక్టోబరు 23న హైదరాబాద్‌ దూరదర్శన్‌ కేంద్రం ప్రారంభమైంది. 1982లో రంగుల ప్రసారాలు రావడం, 1983లో ఇన్‌శాట్‌-1బి కక్ష్యలో చేరడంతో విస్తరణ వేగం పుంజుకుంది. 1984లో కొన్ని నెలల పాటు దేశవ్యాప్తంగా దాదాపు రోజుకొకటి చొప్పున ప్రసారిణులు వెలశాయి. ఉపగ్రహం నుంచి అందుకున్న కార్యక్రమాన్ని పట్టణంలోని రిలే కేంద్రం తిరిగి చుట్టుపక్కలకు ప్రసారం చేసేది. కడప జిల్లా పట్టణాలకూ టీవీ ఈ తక్కువ శక్తి రిలే కేంద్రాల ద్వారానే చేరువైంది. యాంటెన్నా, టీవీ కొనుక్కుంటే చాలు, నెలనెలా ఎవరికీ పైకం చెల్లించాల్సిన పనిలేకపోవడం ఈ విధానానికున్న ప్రధాన ఆకర్షణ.

కొండలే అడ్డుగోడలు

అయితే ఈ సౌకర్యం అందరికీ సమానంగా దక్కలేదు. వంద నుంచి అయిదు వందల వాట్ల శక్తి గల రిలే కేంద్రం పరిధి సుమారు 15 నుంచి 25 కిలోమీటర్లు మాత్రమే. పది కిలోవాట్ల భారీ ప్రసారిణులకు అంతకు ఎన్నో రెట్ల పరిధి ఉన్నా, వాటికీ ఒక హద్దు ఉంది. టీవీ తరంగాలు దాదాపు సూటిగా పయనిస్తాయి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల కొంత దూరం వెళ్లేసరికి అవి నేలను వదిలి పైకి సాగిపోతాయి. వంద మీటర్ల ఎత్తున్న ప్రసార స్తంభం, తొమ్మిది మీటర్ల ఎత్తులో ఇంటి యాంటెన్నా ఉన్నాయనుకుంటే చదును నేలపై సుమారు 53 కిలోమీటర్ల వరకే సూటి మార్గం ఉంటుంది. నడుమ కొండ ఉంటే ఆ లెక్క కూడా తప్పుతుంది.

కొండాపురం ప్రాంతానికి ఎదురైన చిక్కు ఇదే. గండికోట వద్ద పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకుని లోతైన లోయగా ప్రవహిస్తుంది. ఆ కొండలకు పడమటి వైపున కొండాపురం, తూర్పున జమ్మలమడుగు, దానికి ఆవల ప్రొద్దుటూరు ఉన్నాయి. తూర్పు నుంచి నేలబారుగా వచ్చే తరంగానికి ఈ గుట్టల వరుస గోడలా నిలుస్తుంది. దక్షిణాన పులివెందుల వైపు నుంచి రావాలన్నా ఎగుడుదిగుడు నేలే. కొండ చాటున పడిన ఊళ్లలో తెరపై చీమలు పాకినట్లు చుక్కలు కనిపించడం, గుట్టలకు తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం వల్ల ఒకే మనిషి పక్కన మరో నీడ మనిషి కనిపించడం అనలాగ్‌ విధానంలో సహజం. బూస్టరు బిగించినా బలహీనమైన సంకేతంతో పాటు రొద కూడా పెరిగేది.

అదే ఇళ్లలో ఆకాశవాణి కడప కేంద్రం స్పష్టంగా వినిపించడం చాలామందికి వింతగా తోచేది. కారణం తరంగదైర్ఘ్యంలో ఉంది. కడప కేంద్రం ప్రసారం చేసే 900 కిలోహెర్ట్జ్‌ మధ్యతరంగం పొడవు దాదాపు 333 మీటర్లు. అంత పొడవైన తరంగం నేలను అంటిపెట్టుకుని, గుట్టల మీదుగా వంగి సాగగలదు. 174 నుంచి 230 మెగాహెర్ట్జ్‌ మధ్య టీవీ తరంగం పొడవు రెండు మీటర్లకు లోపే ఉండటంతో అది కొండ వెనుక పెద్ద నీడను మిగులుస్తుంది.

నీడలకు డిజిటల్‌ విరుగుడు

ఈ లోపాలను సరిదిద్దగల విధానమే డిజిటల్‌ భూతల ప్రసారం. ఇందులో బొమ్మ, ధ్వని అంకెలుగా మారి వేలాది సన్నని ఉపతరంగాలపై విడివిడిగా ప్రయాణిస్తాయి. ప్రతి అంశానికీ నడుమ కొద్దిపాటి విరామం ఉంచడం వల్ల గుట్టలకు తగిలి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని అసలు సంకేతాన్ని చెరపలేదు. అనలాగ్‌లో ఒక ఛానల్‌కు సరిపోయే పౌనఃపున్యంలో ఇక్కడ అనేక ఛానళ్లను అమర్చవచ్చు. కొండ చాటు ఊళ్లకు అదే పౌనఃపున్యంపై చిన్న సహాయక ప్రసారిణులు పెట్టుకునే వీలు సైతం ఉంది.

దీనికీ ఒక పరిమితి లేకపోలేదు. సంకేతం తగ్గేకొద్దీ అనలాగ్‌ బొమ్మ క్రమంగా మసకబారుతుంది. డిజిటల్‌ బొమ్మ చివరి వరకు స్వచ్ఛంగా ఉండి, ఒక స్థాయికి దిగగానే ముక్కలై ఒక్కసారిగా మాయమవుతుంది. అందుకే ప్రసారిణుల సంఖ్య పెంచకుండా కేవలం విధానాన్ని మార్చినంత మాత్రాన పల్లెలకు మేలు జరగదన్నది సాంకేతిక వాస్తవం.

పదహారు నగరాలకే పరిమితం

నెదర్లాండ్స్‌ 2006లో, అమెరికా 2009లో, బ్రిటన్‌ 2012లో అనలాగ్‌ ప్రసారాలను ఆపి, అదే యాంటెన్నాకు డిజిటల్‌ భూతల ప్రసారాలను అందించాయి. భారత్‌లో దూరదర్శన్‌ 2016 ఫిబ్రవరిలో డీవీబీ-టీ2 విధానంలో 16 నగరాల్లో ఈ సేవలను ఆరంభించింది. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, అహ్మదాబాద్‌, గువాహటి, పట్నా, లక్నో వంటి నగరాలకు ఆ జాబితాలో చోటు దక్కగా, తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్క పట్టణం కూడా లేకపోవడం గమనార్హం.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ 2017 జనవరిలో ఇచ్చిన సిఫారసుల్లో మెట్రో నగరాలకు 2019, పది లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకు 2021, మిగిలిన ప్రాంతాలకు 2023 డిసెంబరు 31ని గడువుగా సూచించింది. ఈ లెక్కన కొండాపురం మూడో దశలో ఉండాలి. ఆ దశ సీమకు రానేలేదు. కేబుల్‌, డీటీహెచ్‌ విస్తృతం కావడంతో యాంటెన్నాతో చూసేవారు తగ్గారన్న కారణంతో ప్రసార భారతి ప్రసారిణులను మూసివేసే దిశగానే అడుగులు వేసింది. వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా మిగిలిన అనలాగ్‌ ప్రసారిణులన్నింటినీ 2022 మార్చి 31 నాటికి ఆపివేస్తామని 2021లో ప్రకటించింది. ఇతర దేశాల్లో పాతది పోయి కొత్తది రాగా, ఇక్కడి పల్లెల్లో కొత్తది రాకముందే పాతది నిలిచిపోయింది.

కొత్త టీవీల్లో డీవీబీ-టీ2 ట్యూనరు ఉన్నా, పాత యాంటెన్నా తగిలించి ఆటోట్యూన్‌ చేస్తే ఈ ప్రాంతంలో ఛానళ్లు దొరకకపోవడానికి ఇదే కారణం. దానిని టీవీ లోపంగా భావించనవసరం లేదు.

ఆగ్నేయం వైపు చూసే డిష్‌

ఇక మిగిలిన ఉచిత మార్గం డీడీ ఫ్రీడిష్‌. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్‌ ప్లస్‌ పేరుతో 33 ఛానళ్లతో మొదలైన ఈ సేవకు నెలవారీ రుసుము లేదు. డిష్‌, సెట్‌టాప్‌ బాక్సులకు ఒక్కసారి సుమారు రెండు వేల రూపాయలు వెచ్చిస్తే చాలు. ఉపగ్రహ ట్యూనరు లోపలే అమర్చిన టీవీకి ఉచిత ఛానళ్ల కోసం విడిగా బాక్సు అక్కరలేదు. 2014 సెప్టెంబరు 27న ఉమ్మడి కేంద్రం నుంచి విడివడిన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేకించిన సప్తగిరి ఛానల్‌తో పాటు ఆకాశవాణి రేడియో ప్రసారాలు సైతం ఇందులో లభిస్తాయి.

ఈ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై, భూమధ్యరేఖకు సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న జీశాట్‌-15 నుంచి అందుతాయి. కొండాపురం నుంచి లెక్కిస్తే ఉపగ్రహం ఆగ్నేయ దిశలో, అంటే ఉత్తరం నుంచి సవ్యదిశలో దాదాపు 133 డిగ్రీల వద్ద, నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి వచ్చే సంకేతానికి గండికోట గుట్టలు అడ్డురావు. డిష్‌ ముందు వేపచెట్టు కొమ్మలో, పక్కింటి గోడో లేకుండా చూసుకుంటే సరిపోతుంది. చిన్న డిష్‌లలో సంకేతాన్ని పట్టే ఎల్‌ఎన్‌బీ కింది వైపునకు జరిగి ఉండటం వల్ల పళ్లెం 65 డిగ్రీలు పైకి చూస్తున్నట్లు కంటికి కనిపించదు. పళ్లెం వాలును మాత్రమే చూసి బిగిస్తే గురి తప్పుతుంది.

గండికోట జలాశయంలో నీటి నిల్వ పెంచిన 2020లో కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు వంటి గ్రామాల ప్రజలు పునరావాస కాలనీలకు తరలిన సంగతి తెలిసిందే. ఇలా నివాసం మారిన కుటుంబాలకు డిష్‌ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. యాంటెన్నాకు గుట్ట ఇవతల ఒక దిక్కు, అవతల మరో దిక్కు వెతకాల్సి వచ్చేది. ఉపగ్రహం అతి దూరంలో ఉన్నందున కొన్ని కిలోమీటర్లు జరిగినా డిష్‌ చూడవలసిన దిశ, కోణం దాదాపు మారవు. కుండపోత వానలో మాత్రం కేయూ బ్యాండ్‌ సంకేతం బలహీనపడి కొద్దిసేపు బొమ్మ ఆగిపోతుంది. తుపాను హెచ్చరికలు అవసరమైన సమయంలోనే ఈ ఇబ్బంది తలెత్తడం దీనికున్న ప్రధాన లోపం.

పేదలకే భారం

స్మార్ట్‌ఫోన్లు, కేబుల్‌ ఉన్న రోజుల్లో ఉచిత ప్రసారం ఎవరికి కావాలన్న ప్రశ్న తలెత్తవచ్చు. కరోనా కారణంగా బడులు మూతపడిన 2020లో ఆంధ్రప్రదేశ్‌ విద్యార్థులకు సప్తగిరి ఛానల్‌ ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్‌ లేని కూలీల పిల్లలకు ఆ ప్రసారమే తరగతి గది. కేబుల్‌ డిజిటలీకరణ 2017 మార్చితో గ్రామాలకూ వర్తించింది. 2019లో వచ్చిన కొత్త టారిఫ్‌ కింద వంద ఛానళ్లకు పన్నులు కాక రూ.130 వరకు నెట్‌వర్క్‌ రుసుము విధించే వీలు కలిగింది. వాన మీద ఆధారపడిన మెట్ట రైతుకు, పనులు లేని నెలల్లో కూలీకి ఆ మొత్తమూ భారమే.

కేంద్రం 2023 జనవరిలో ఆమోదించిన రూ.2,539.61 కోట్ల ‘బైండ్‌’ పథకంలో మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలతో పాటు ఆకాంక్షిత జిల్లాల ప్రజలకు ఎనిమిది లక్షలకు పైగా ఫ్రీడిష్‌ బాక్సులను ఉచితంగా అందించాలని నిర్ణయించారు. 2018లో ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో రాష్ట్రం నుంచి విశాఖపట్నం, విజయనగరంతో పాటు కడప ఉండటం విశేషం.

మళ్లీ భూతలం మీదికి?

భూతల ప్రసారాల కథ పూర్తిగా ముగియలేదు. ఇంటర్నెట్‌ అవసరం లేకుండా ప్రసార స్తంభం నుంచి నేరుగా సెల్‌ఫోన్‌కు బొమ్మను అందించే ‘డైరెక్ట్‌ టు మొబైల్‌’ విధానంపై కాన్పూర్‌ ఐఐటీ, ప్రసార భారతి కృషి చేస్తున్నాయి. 2024 నాటికి ఇది నగరాల్లో ప్రయోగాల దశలో ఉంది. దీనికి కూడా ప్రసార స్తంభాలే ఆధారం గనుక తరంగాలకు కొండల అడ్డు తప్పదు. గుట్ట చాటు ఊళ్లకు సహాయక ప్రసారిణులు పెట్టినప్పుడే కొండాపురం వంటి మండలాలకు ఆ ఫలం దక్కుతుంది. అంతవరకు మిద్దెపై ఆగ్నేయం వైపు చూసే డిష్షే పల్లెకు ఉచిత టీవీ.