రెండంచెల ధ్రువీకరణ (ఈ-వే బిల్లు)

ఖాతా తెరవడానికి పాస్‌వర్డ్‌తో పాటు చేతిలోని ఫోను కూడా సాక్ష్యం చెప్పాల్సిన పద్ధతి. విశాఖలో లారీ కదలడం దీంతో ముడిపడింది. గాజువాక ఆటోనగర్‌లో ఎక్కించిన ఇనుప చువ్వల విలువ 50,000 రూపాయలు దాటితే, సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు ఉండాలి. ఆ బిల్లు తీసే పోర్టల్‌లో 100 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు ఉన్న సంస్థలకు 2023 ఆగస్టు 21 నుంచి, అందరికీ 2025 ఏప్రిల్ 1 నుంచి రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లోనో సందేశ్ యాప్‌లోనో వస్తుంది. ఎన్ఐసీ జీఎస్టీ షీల్డ్ యాప్‌లోనైతే 30 సెకన్లకోసారి అంకెలు మారతాయి, నెట్ లేకున్నా సరే.

గుమస్తాలంతా యజమాని లాగిన్‌నే వాడితే అర్ధరాత్రి లోడుకు ఆయన్ను నిద్రలేపాలి. ఓటీపీ ఫోన్లో చదివి చెప్పడం అలవాటైతే మోసగాడికీ అలాగే చెప్పేస్తారు. అందుకే ఒక్కొక్కరికీ సొంత నంబరుతో సబ్ యూజర్ ఖాతా ఇవ్వాలి. మనిషి మానేసిన రోజే దాన్ని ఆపేయాలి.