విషం పెట్టిన డాక్టరు – రుచి చూసిన పనిమనిషి



ధర్మవరం బస్సులో పక్కవాళ్ళ పేపరు మీదికి తొంగిచూస్తే మన కళ్ళు ముందు ఏ వార్త మీద పడతాయి? హత్య వార్త మీదనే కదా! ఈ ఉబలాటం మన బత్తలపల్లిదే కాదు. ఇంగ్లండులో స్టాఫర్డ్ అనే ఊరిలో 1872లో తెరిచిన విలియం సాల్ట్ గ్రంథాలయం ఉంది. పాత దస్తావేజులు, పటాలతోబాటు విలియం పామర్ అనే విషహంతకుడి తాలూకు జ్ఞాపకాలనూ అక్కడ దాచారు.

పామర్ రూజ్లీ అనే ఊరి డాక్టరు. గుర్రప్పందేల పిచ్చి, మెడదాకా అప్పులు. 1854లో భార్య ఆనీ పేర 13,000 పౌన్లకు భీమా చేయించాడు. ఆ సెప్టెంబరులోనే ఆమె పోయింది, 27 ఏళ్ళకే! పుట్టిన అయిదుగురు బిడ్డల్లో నలుగురు అంతకుముందే పసికందులుగా పోయారు. అయినా అతన్ని ఉరి తీసింది ఆనీ చావుకు కాదు, 1855 నవంబరులో పోయిన పందేల స్నేహితుడు జాన్ కుక్ చావుకు.

కుక్‌కు పెట్టింది స్ట్రిక్నిన్ అన్నారు. మన వైద్యులు శుద్ధి చేసి వాడే విషముష్టి గింజలోని విషమే అది. విచిత్రమేమంటే, శవాన్ని పరీక్షించిన ప్రొఫెసరు టేలరుకు ఆ విషం జాడే దొరకలేదు. ఇక మిగిలింది చూసినవాళ్ళ మాట, విషం అమ్మినవాళ్ళ మాట.

చూసినవాళ్ళలో ఎలిజబెత్ మిల్స్ ఒకతె, కుక్ దిగిన హోటల్లో పనిమనిషి. కుక్ కోసం వచ్చిన మాంసపు చారును రెండు చెంచాలు రుచి చూసిందట, అంతే, ఆ పూటంతా వాంతులు. వంటింట్లో మనమూ చేసే పనే కదమ్మా! కుక్ మంచంమీద ఎలా గిలగిల కొట్టుకున్నాడో కూడా ఆమె లండన్ కోర్టులో పూసగుచ్చినట్టు చెప్పింది. ఎవరు నేర్పించారని ముద్దాయి వకీలు గుచ్చి గుచ్చి అడిగినా మాట మార్చలేదు.

1856 జూన్ 14న స్టాఫర్డ్ జైలు ముందు పామర్‌ను ఉరితీస్తే వేలాదిమంది తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. ఆ జిల్లా కుమ్మరులు అతని బొమ్మలు, అతని ఇంటి బొమ్మలు చేసి అమ్మారు. వాటిని కొని ఇంట్లో అలంకారంగా పెట్టుకున్నారంటే ఏమనాలి? లండన్‌లో మేడమ్ టుస్సాడ్ వారు మైనపుబొమ్మ నిలబెట్టారు.

ఎలిజబెత్‌కు ఎవరూ బొమ్మ చేయలేదు. ఆమె చెప్పినది మాత్రం ఆనాడే అచ్చయిన విచారణ పుస్తకాల్లో ఉంది, ఆ రెండు చెంచాల చారుతో సహా.