లోగో ఫైలు రూపాలు: జింకు బ్లాకు నుంచి ఎస్‌వీజీ దాకా

సంస్థ లేదా ప్రభుత్వ చిహ్నాన్ని కంప్యూటర్‌లో దాచే పద్ధతులే లోగో ఫైలు రూపాలు. జేపీజీ, జిఫ్, పీఎన్‌జీలు బొమ్మను చుక్కలుగా దాస్తాయి. ఈపీఎస్, సీడీఆర్, ఎస్‌వీజీలు గీతల కొలతలుగా దాస్తాయి. దీన్నే వెక్టర్ అంటారు. చుక్కల బొమ్మను పెంచితే చెదురుతుంది, గీతల బొమ్మ చెదరదు.

ఉదాహరణకు, సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని సిర్గాపూర్ 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైంది. కొత్త మండలమంటే కొత్త బోర్డులు, వాటి మీద తెలంగాణ రాష్ట్ర చిహ్నం. కాకతీయ తోరణం, అందులో చార్మినార్ ఉన్న ఆ చిహ్నాన్ని చిత్రకారుడు ఏలే లక్ష్మణ్ రూపొందించారు. 2014 జూన్ 2న అమల్లోకి వచ్చింది. ఎక్కడో వెబ్‌సైటు నుంచి దించుకున్న 300 చుక్కల వెడల్పు బొమ్మను మూడడుగుల బోర్డుకు సాగదీస్తే అంగుళానికి దక్కేవి ఎనిమిది చుక్కలే. తోరణం మీది నగిషీ ముద్దయిపోతుంది.

కంప్యూటర్లు రాకముందు అచ్చాఫీసుల్లో లోగో అంటే జింకు బ్లాకు. ఒక్కో సైజుకు ఒక్కో బ్లాకు చేయించాల్సిందే. బోర్డు పెయింటరు మాత్రం గళ్లు గీసుకుని ఏ సైజుకైనా పెంచేవాడు. ఆ పనిని యంత్రానికి నేర్పింది 1984లో అడోబీ తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ అనే అచ్చు భాష. ఈపీఎస్ దాని సంతానమే. గీతల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు ఇలస్ట్రేటర్ 1987లో, కోరెల్‌డ్రా 1989లో వచ్చాయి. మన డీటీపీ సెంటర్లలో స్థిరపడింది కోరెల్. నేటికీ ఫ్లెక్సీ షాపులో మొదటి ప్రశ్న ‘కోరెల్ ఫైలు (సీడీఆర్) ఉందా?’ అనే.

చుక్కల వైపు చరిత్ర వేరు. 1987 నాటి జిఫ్‌కు 256 రంగులే హద్దు. అందులోని కుదింపు పద్ధతికి పేటెంటు రుసుము కట్టాలని 1994 చివర్లో వివాదం రేగింది. దానికి జవాబుగా 1996లో పీఎన్‌జీ పుట్టింది. నేపథ్యం లేకుండా, అంచులు చెడకుండా లోగోను నిలపడం దాని గొప్ప. 1992లో ప్రమాణంగా మారిన జేపీజీ ఫొటోల కోసం చేసినది. బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కనుక అక్షరాల అంచుల దగ్గర మురికి పడుతుంది. పారదర్శకత లేదు, పచ్చ ఫ్లెక్సీ మీద చిహ్నం వెనక కనిపించే తెల్ల డబ్బా దాని పుణ్యమే. లోగోకు ఇంతకంటే పనికిరాని రూపం లేదు, ఊళ్లలో ఎక్కువగా తిరిగేదీ ఇదే.

వెబ్ కోసం గీతల రూపమైన ఎస్‌వీజీని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2001లో ఆమోదించింది. వెబ్‌సైటుకు ఇప్పుడు అదే మేలు. అచ్చుకు మాత్రం పీడీఎఫ్ నమ్మకమైనది. 1993లో వచ్చి, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

తెలుగు లోగోకు మరో చిక్కుంది. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లతో కూర్చిన పేరు, ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులుగా మారుతుంది. యూనికోడ్‌లో కూర్చినా, ఎదుటి సిస్టంలో ఫాంటు మారితే లోగో అక్షరాల తీరే మారిపోతుంది. అందుకే కోరెల్‌లో కంట్రోల్ క్యూ నొక్కి అక్షరాలను ‘కర్వ్స్’ చేస్తారు. అప్పుడవి అక్షరాలు కావు, గీతలు. తర్వాత దిద్దడం కుదరదు గనుక దిద్దుబాటుకు వేరే కాపీ ఉంచుకుంటారు. కొత్త కోరెల్‌లో దాచిన ఫైలు పాత కోరెల్‌లో తెరుచుకోదు కాబట్టి షాపువాడి వెర్షన్ అడిగి పంపడం రివాజు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పీఎన్‌జీ సైతం కుదించుకుపోతుంది, ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది.