ఇంటికీ ఆది కావాలి



జాకెట్టు కుట్టించుకోవాలంటే దర్జీ దగ్గరకు ఉత్త గుడ్డ పట్టుకుని వెళ్ళం కదా! ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తాం. ఆది లేకుండా కుడితే ఎంత ఖరీదైన పట్టు అయినా చంకల దగ్గర బిగుస్తుంది, భుజాల దగ్గర జారుతుంది. జాకెట్టు విషయంలో మనకి బాగా తెలిసిన ఈ సంగతి, మనిషికి ఇల్లు అమర్చే విషయంలో లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది. ముఖ్యంగా ఒళ్ళో, బుద్ధో, రెండూనో సహకరించని మనుషుల విషయంలో. ఆ చరిత్రే ఇవాళ మీతో ముచ్చటించాలనుకుంటున్నాను.

ఒక్క కాలు కుంటితే కర్ర పట్టుకుని నడవచ్చు. నేను చెప్పేది అంతకంటే చిక్కుముడి పడిన జీవితాల గురించి. నడవలేని పిల్లకు మాట కూడా రాదు. బుద్ధి ఎదగని పిల్లవాడికి మూర్ఛలు కూడా వస్తాయి. ఒకరికి చూపూ లేదు, వినికిడీ లేదు. చట్టం భాషలో దీన్ని బహుళ వైకల్యం అంటారు. ఇటువంటి బిడ్డ వున్న తల్లిని కదిపి చూడండి. చదువు గురించీ, మందుల గురించీ కాసేపు చెబుతుంది. చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే: “మా తరువాత వీడికి ఎవరు?”

ఈ ప్రశ్న మన అమ్మమ్మల కాలంలో ఇంత పెద్దది కాదు. ఎందుకో తెలుసా? అటువంటి బిడ్డలు చాలామంది తల్లిదండ్రుల కంటే ముందే వెళ్ళిపోయేవారు. డౌన్ సిండ్రోముతో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం, పడమటి దేశాల లెక్కల ప్రకారం, 1940లలో సుమారు 12 ఏళ్ళు. 1983 నాటికి 25 ఏళ్ళు. ఇప్పుడు 60కి చేరింది. గుండె ఆపరేషన్లూ, జ్వరాలకు మంచి మందులూ వచ్చాయి. వెన్నెముక విరిగినవారి కథ కూడా ఇంతే. ఒకప్పుడు పుండ్లు పడీ, మూత్రంలో విషం చేరీ కొద్ది నెలలకే చనిపోయేవారు. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు 1944లో ప్రత్యేకమైన వార్డు తెరిచి, రోగిని రెండు గంటలకొకసారి ఇటూ అటూ తిప్పాలని పట్టుబట్టారు. బతకరనుకున్నవాళ్ళు బతికారు. ప్రాణం నిలిచింది సరే, ఆసుపత్రి నుంచి బయటికి వచ్చి ఎక్కడ బతకాలి? వైద్యం గెలిచినచోటే ఇంటి సమస్య పుట్టిందన్నమాట.

మన ఉమ్మడి కుటుంబాల్లో ఆ సమస్యే లేదని కొందరు పెద్దలు అంటారు. కొంత నిజమే. నలుగురు మనుషులున్న ఇంట్లో ఒకరికి అన్నం కలిపి పెట్టడం బరువు కాదు. కానీ ఆ అన్నం ఎవరు పెట్టేవారో కూడా గుర్తు చేసుకోవాలి. చాలా ఇళ్ళల్లో అది పుట్టింటికి చేరిన మేనత్తో, వితంతువైన పిన్నో. ఆవిడ జీతం లేని నర్సు. చుట్టాలు వచ్చినప్పుడు ఆ బిడ్డను పెరటి గదిలోకి పంపేసే ఇళ్ళు కూడా వుండేవి. నీడ దొరికింది, నిజమే. ఆ నీడ వాడికి సరిపోయిందా అని అడిగినవారు లేరు.

ఇంటికి బయట ఇల్లు వెతికిన కథల్లో బాగా పేరు పొందినది ఇంగ్లండుదే. లెనార్డ్ చెషైర్ యుద్ధంలో బాంబర్ విమానాలు నడిపిన వీరుడు. నాగసాకి మీద అణుబాంబు పడటం కళ్ళారా చూసినవాడు. 1948లో హాంప్‌షైర్‌లోని లె కోర్ట్ అనే పాత భవంతికి, వెళ్ళడానికి చోటులేని ఒక కేన్సరు రోగిని తెచ్చుకుని, తన చేతులతోనే సేవ చేశాడు. ఆ ఒక్కరితో మొదలై చెషైర్ హోములు దేశదేశాలకు పాకాయి. 1950ల మధ్యలో బొంబాయి అంధేరీకి వచ్చాయి. తరువాత మన సైనిక్‌పురి వైపు కూడా ఒకటి వెలిసింది. దిక్కులేనివారికి గూడు దొరికింది. అది పుణ్యకార్యమని ఎవరూ కాదనలేరు.

అయితే కథలో మలుపు ఆ పుణ్యకార్యం లోపలి నుంచే వచ్చింది. లె కోర్టులో వుండే పాల్ హంట్ అనే యువకుడికి కండరాలు క్షీణించే జబ్బు. తిండి పెడుతున్నారు, శుభ్రం చేస్తున్నారు. కానీ రాత్రి ఎప్పుడు పడుకోవాలో కూడా సిబ్బందే నిర్ణయిస్తారా? పెద్దవాళ్ళం, మా పక్క మీదికి మేం చేరే వేళ మాకు తెలియదా? ఇదే అతనూ, తోటివారూ వేసిన ప్రశ్న. 1972లో హంట్ గార్డియన్ పత్రికకు ఉత్తరం రాసి, ఇటువంటి హోములలో వున్నవారిని కలవమని పిలుపు ఇచ్చాడు. దాని ఫలితంగా వికలాంగులే నడిపే సంఘం ఒకటి ఏర్పడింది. 1979లో అదే లె కోర్టు నివాసులు కొందరు ఇంకో మెట్టు ఎక్కారు. మమ్మల్ని ఇక్కడ వుంచడానికి ప్రభుత్వం చెల్లించే సొమ్మే మా చేతికిస్తే, బయట మాకు తగిన ఇల్లూ, మేం ఎంచుకున్న సహాయకులూ ఏర్పాటు చేసుకుంటామన్నారు. అధికారులతో ఏళ్ళ తరబడి మాట్లాడి 1980లలో ఒక్కొక్కరే సొంత ఇళ్ళకు వెళ్ళారు.

అంతకు ముందే, 1976లో, నాటింగ్‌హాంషైర్‌లోని సటన్-ఇన్-ఆష్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఒక చిన్న ప్రయోగం జరిగింది. కెన్ డేవిస్, మ్యాగీ డేవిస్ అనే వికలాంగ దంపతులు పట్టుబట్టి కట్టించుకున్న ఆరు వాటాల ఇల్లు అది. కింద మూడు వాటాలు చక్రాల కుర్చీలో తిరిగేవారికి. పైన మూడు వాటాలు మామూలు కుటుంబాలకు. పై వాటాలవారు అవసరానికి సాయం చేయాలన్నది ఒప్పందం. ఎవరి తలుపు వారిది, ఎవరి పొయ్యి వారిది. మన మేడమీద వాటా, కిందివాటా పద్ధతి లాంటిదే చూడండి! గొప్ప భవంతి అక్కర్లేదు, వాటాలు పంచే తీరు మారితే చాలునని తేలింది.

అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే అబ్బాయికి 1953లో, పద్నాలుగో ఏట పోలియో సోకి, మెడ కింద కదలిక పోయింది. రాత్రిళ్ళు ఇనుప ఊపిరితిత్తి అనే పెట్టెలో పడుకుంటేనే శ్వాస. దాని బరువు దాదాపు 360 కిలోలు. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరితే, ఆ బరువు మోసే నేల హాస్టలు గదుల్లో లేదు. అంత మాత్రాన చదువు మానెయ్యలేదు. క్యాంపసు ఆసుపత్రిలోనే ఒక గది ఇచ్చారు, అక్కడ వుండి చదివాడు. తరువాత మిత్రులతో కలిసి 1972లో అక్కడే స్వతంత్ర జీవన కేంద్రం స్థాపించాడు. స్వతంత్రం అంటే అన్నీ తనే చేసుకోవడం కాదు, సాయం ఎప్పుడు, ఎవరిచేత, ఎలా చేయించుకోవాలో తనే చెప్పగలగడం అన్నది వారి సిద్ధాంతం.

ఇక మన ఊరికి వద్దాం. మా శ్రీనగర్ కాలనీ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, పంజగుట్టలో, 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి వచ్చింది. ఇవాళ మనం నిమ్స్ అంటున్నది అదే. విరిగిన ఎముకలు అతికించే చోటు దొరికింది. బుద్ధి ఎదగని పిల్లల కోసం 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ మొదలైంది. 1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో దేశానికంతటికీ ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. అప్పటి పేరు మానసిక వికలాంగుల జాతీయ సంస్థ. ఇప్పుడు మేధో వైకల్యం గలవారి సాధికారత సంస్థ అంటున్నారు. పేరు మారడంలోనే చూపు మారిన సంగతి కనిపిస్తుంది. దూరపు ఊళ్ళనుంచి వచ్చిన తల్లీబిడ్డలు అక్కడ కొద్దిరోజులుండి, ఇంట్లో చేయవలసిన శిక్షణ నేర్చుకుని వెళ్ళే ఏర్పాటు కూడా ఆ సంస్థ చేసింది. అంటే మన జంటనగరాలు వైద్యానికీ, శిక్షణకూ పేరు తెచ్చుకున్నాయి. పెద్దయ్యాక నివాసం మాట? అది చాలావరకు తల్లి ఒడిలోనే మిగిలిపోయింది.

నివాసం లేకపోతే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న దేశమంతా చూసింది. తమిళనాడు ఏర్వాడిలో, దర్గా పక్కన తాటాకు పాకల్లో గొలుసులతో కట్టేసివున్న మనోరోగులు మంటల్లో చిక్కి 28 మంది చనిపోయారు. వారిని అక్కడ వదిలినవాళ్ళందరూ కసాయివాళ్ళు కారు. వేరే చోటు తెలియని తల్లిదండ్రులు, అన్నదమ్ములు. అదే రాష్ట్రంలో 1993లో ఇద్దరు యువతులు మదరాసులో మొదలుపెట్టిన బాన్యన్ అనే సంస్థ 2015లో వేరే దారి చూపింది. ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో మగ్గినవారిని నలుగురైదుగురు చొప్పున మామూలు వీధిలో అద్దె ఇంట్లో వుంచి, తోడుగా ఒక మనిషిని పెట్టారు. కూరలు తెచ్చుకుంటారు, పక్కింటివాళ్ళతో మాట్లాడతారు. గొలుసు అవసరమనుకున్న మనుషులకు కావలసింది వంటిల్లూ, ఇరుగూపొరుగూ అని రుజువైంది.

చట్టాలు కూడా నెమ్మదిగా ఇటే నడిచాయి. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు వున్నవారి కోసమే పుట్టింది. పద్ధెనిమిదేళ్ళు దాటినవారికి సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీ జిల్లా కలెక్టరు స్థాయి అధికారి నాయకత్వాన వుంటుంది. పెద్దవాళ్ళు కలిసి నివసించడానికి ఘరౌందా అనే పథకం కూడా ఆ ట్రస్టు తెచ్చింది. ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షను, వికలాంగులకు సమాజంలో అందరితోపాటు జీవించే హక్కు వుందనీ, ఫలానా ఏర్పాటులోనే వుండి తీరాలని నిర్బంధించరాదనీ అంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఇంటివాళ్ళు తీసుకుపోవడంలేదన్న ఒక్క కారణంతో మనిషిని ఆసుపత్రిలో వుంచరాదంటుంది. మా కాలనీకి చేరువలోని ఎర్రగడ్డ ఆసుపత్రికైనా ఇదే సూత్రం.

చట్టం హక్కు ఇస్తుంది, కొలతలు తీసుకోవలసినది మనం. మా కాలనీలో తోటలున్న ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. లిఫ్టు వుంది, సంతోషమే. లిఫ్టు దాకా వెళ్ళడానికి నాలుగు మెట్లున్నాయి! చక్రాల కుర్చీకి తలుపు 90 సెంటీమీటర్లన్నా వెడల్పుండాలి. కుర్చీ తిరగడానికి మీటరున్నర ఖాళీ కావాలి. అడుగు ఎత్తు ఎక్కాలంటే వాలుబాట పన్నెండడుగుల పొడవుండాలి. ఇవి అందరికీ వర్తించే కొలతలు. ఆ తరువాత అసలు ఆది మొదలవుతుంది. మూర్ఛలున్నవారికి బాత్రూము గడియ బయటినుంచి కూడా తీయడానికి వీలుండాలి, గచ్చు జారకూడదు. ఆటిజం వున్న కుర్రాడికి మిక్సీ మోతే ప్రాణాంతకంలా వుండవచ్చు, అతని గది వంటింటికి ఎడంగా వుండాలి. చూపూ వినికిడీ లేనివారికి గోడ వెంట చేతికి తగిలే తాడో, కొయ్యపట్టీయో దారి చెబుతుంది. ఒకరికి సరిపోయింది ఇంకొకరికి అడ్డు కావచ్చు. అందుకే అందరికీ ఒకే కొలత కుదరదు.

“మా పిల్లకి మాటే రాదే, ఏం కావాలో ఎలా చెబుతుంది?” అని మీరడగవచ్చు. అది చెబుతూనే వుంటుంది, వినడం తల్లికి వచ్చు. పళ్ళు పటపటలాడిస్తే ఆకలి, చెవి రుద్దుకుంటే నిద్ర, గోడవైపు తిరిగితే కొత్తమనిషి నచ్చలేదు. ఆ నిఘంటువు అంతా ఒక్క తల్లి మనసులోనే వుంది. ఆవిడతోపాటు అది కూడా పోతే, రేపు ఎంత మంచి హోములో చేర్చినా ఆ బిడ్డ మూగదే అవుతుంది.

కనుక అమ్మలారా, ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ సైగకు ఏమిటర్థమో, అన్నం ఎంత మెత్తగా కలపాలో, మూర్ఛ వస్తే ఏ పక్కకు తిప్పాలో, ఏ పాట పెడితే ఏడుపు మానుతుందో రాయండి. చదువు రాకపోతే ఇంట్లో పిల్లలచేత రాయించండి. అన్నదమ్ములకూ, వదినెలకూ చూపించండి. మీరు ఆరోగ్యంగా వున్నప్పుడే నెలకు రెండు రాత్రులు ఇంకొకరి చేతిమీద వుంచి అలవాటు చేయండి. నాలుగు కుటుంబాలు కలిస్తే ఒక వాటా అద్దెకు తీసుకోవచ్చు, ఒక మనిషిని జీతానికి పెట్టుకోవచ్చు. సంరక్షకుని సంగతి కలెక్టరాఫీసులో ఇప్పుడే కనుక్కోండి.

అటువంటి బిడ్డ లేని ఇల్లాలికి కూడా పని వుంది. మీ అపార్టుమెంటు సంఘం సమావేశంలో ఆ నాలుగు మెట్ల పక్కన వాలుబాట వేయించమని అడగండి. పై వాటాలో అటువంటి నలుగురు అద్దెకు వస్తామంటే, “మాకెందుకొచ్చిన గొడవ” అనకండి. మీ వీధిలో ఏదో ఒక ఇంట్లో ఒక తల్లి మన జవాబు కోసం ఎదురుచూస్తూనే వుంటుంది.