ఐబీఎం వాళ్ళ రక్తం మెషిను

డెంగ్యూ సీజన్ వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజీలు. "అర్జెంట్, బి పాజిటివ్ ఎస్‌డీపీ కావాలి" అని. ఎస్‌డీపీ అంటే సింగిల్ డోనర్ ప్లేట్‌లెట్స్. మామూలు రక్తదానంలాగా ఓ సంచీ నింపి, బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి పంపించేయరు. రక్తం తీస్తూనే మెషిన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు మాత్రం ఉంచుకుని, మిగతాది మళ్ళీ మనకే ఎక్కిస్తారు. గంటో గంటన్నరో పడుతుంది. దీన్నే అఫెరిసిస్ అంటారు. ఇలాంటి మెషిన్ల వంశవృక్షం పట్టుకుని వెనక్కి వెళ్తే ఐబీఎం తగులుతుందని చెప్తే మా టీంలో ఒక్కడూ నమ్మలేదు. అందుకే ఈ టపా.

ఆలోచన పాతదే. 1914లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ లో జాన్ అబెల్ బృందం కుక్కల మీద ఈ ప్రయోగం చేసింది. రక్తం తీసి, ప్లాస్మా వేరు చేసి, కణాల్ని తిరిగి ఎక్కించారు. 1950ల మొదట్లో హార్వర్డ్ లో ఎడ్విన్ కోన్, పాల నుంచి మీగడ తీసే యంత్రం సూత్రాన్ని రక్తానికి వాడాడు. బరువైనది అంచుకి పోతుంది, తేలికది లోపల ఉంటుంది. అంతే సంగతి.

అసలు అవసరం మాత్రం లుకేమియా వార్డులో పుట్టింది. 1948లో బోస్టన్ లో సిడ్నీ ఫార్బర్, అమినోప్టెరిన్ అనే మందుతో లుకేమియా ఉన్న పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని ప్రకటించాడు. ఆ మందు వచ్చింది లెడర్లీ కంపెనీలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధన బృందం నుంచి. కానీ ఇలాంటి మందులతో ఓ చిక్కుంది. జబ్బు కణాలతో పాటు ఎముక మజ్జలో మంచి కణాల తయారీనీ దెబ్బ కొడతాయి. జబ్బే సగం ప్లేట్‌లెట్లని తినేస్తే, మిగతా సగం మందు తినేస్తుంది. పిల్లలు రక్తం కారి చనిపోయేవాళ్ళు. 1955లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లో చేరిన ఎమిల్ ఫ్రైరైక్ ఆ వార్డు చూసి, తాజా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావం ఆగుతుందని నిరూపించాడు. తెల్లకణాలు లేక ఇన్ఫెక్షన్లతో పోయేవాళ్ళది ఇంకో సమస్య. వాళ్ళకి తెల్లకణాలు కావాలి, అవీ బోలెడన్ని కావాలి. సంచీ సంచీ తీసి, తిప్పి, తిరిగి ఎక్కించే పద్ధతిలో అన్ని ఎప్పటికి వస్తాయి?

ఇక్కడ మనవాడు ప్రవేశిస్తాడు. మనవాడంటే ఇంజనీరు అని. పేరు జార్జ్ జడ్సన్, ఐబీఎం ఉద్యోగి. 1962లో ఆయన టీనేజీ కొడుక్కి లుకేమియా అని తేలింది. వైద్యం ఆ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లోనే. కొడుకు మంచం పక్కన కూర్చున్న తండ్రి ఆ సంచీల తతంగం చూశాడు. మనమైతే ఏమంటాం? బ్యాచ్ ప్రాసెసింగ్ ఎందుకు, స్ట్రీమింగ్ చెయ్యొచ్చు కదా అంటాం. ఆయనకీ అదే తట్టింది. ఫ్రైరైక్ సరే అన్నాడు. జడ్సన్ ఏడాది పాటు ఇన్‌స్టిట్యూట్ లో పని చేయడానికి ఐబీఎం ఒప్పుకుంది. 1965 కల్లా, రక్తం ఓ పక్క నుంచి వస్తూ, ఆగకుండా తిరిగే గిన్నెలో విడిపోతూ, ఇంకో పక్క నుంచి మనిషికి చేరే మెషిను సిద్ధమైంది.

వినడానికి తేలికే. తిరిగే గిన్నెలోకి నిలకడగా ఉన్న గొట్టం నుంచి రక్తం పంపాలంటే మధ్యలో తిరిగే సీలు కావాలి. అది అరగకూడదు, కారకూడదు, కణాల్ని నలపకూడదు. ఆ సీలుతో వాళ్ళు పడ్డ తిప్పలు అన్నీఇన్నీ కావు. తర్వాత సీలే అక్కర్లేని ఉపాయం వచ్చింది. గిన్నె రెండు చుట్లు తిరిగేలోపు గొట్టాన్ని దాని చుట్టూ ఒక్క చుట్టు తిప్పితే గొట్టం మెలిపడదు! నమ్మకపోతే కాగితం మీద లెక్క వేసుకోండి.

వ్యాపారంగా ఇది ఐబీఎంకి పెద్దగా అచ్చిరాలేదనుకుంటా. 2991, 2997 అంటూ మెయిన్‌ఫ్రేముల్లాగే నంబర్లు పెట్టి అమ్మారు గానీ, 1984లో ఆ విభాగాన్ని కోబ్ అనే కంపెనీకి అమ్మేశారు. చేతులు మారి మారి 2011లో అది జపాన్ టెరుమో చేతికొచ్చింది. మన దగ్గరి బ్లడ్ బ్యాంకుల్లో కూడా టెరుమో మెషిన్లు కనిపిస్తాయి.

నేను ఎస్‌డీపీ ఇచ్చిన రెండుసార్లూ మెషిన్ కంటే దాని పక్కన నిలబడ్డ మనిషినే ఎక్కువ గమనించాను. రెండు చేతులూ తడిమి నరం వెతకడం, బరువు, ఎత్తు, ప్లేట్‌లెట్ కౌంట్ ఎంటర్ చెయ్యడం ఆ అమ్మాయి పని. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ మన ఒంట్లోకి వచ్చి కాల్షియంని పట్టేస్తుంది, పెదాలు జివ్వుమంటాయి. మెషిన్ కి అది తెలీదు. "పెదాలు తిమ్మిరిగా ఉన్నాయా సార్?" అని ప్రతి పది నిమిషాలకీ ఆవిడే అడిగింది. ఉన్నాయంటే స్పీడు తగ్గించి కాల్షియం బిళ్ళ ఇచ్చింది. అరవై ఏళ్ళుగా ఆటోమేట్ చేస్తున్నా ఈ ప్రశ్న ఇంకా మనిషే అడగాలి.

ఇంకొకటి కూడా ఆటోమేట్ అవ్వలేదు. దాత కుర్చీలో కూర్చోవడం.

ఇప్పుడు ఈ జాతి మెషిన్లతోనే మూలకణాలూ తీస్తున్నారు. ఫిల్‌గ్రాస్టిమ్ అనే మందుకి 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2001లో గ్రాఫీల్ పేరుతో తెచ్చింది. నాలుగైదు రోజులు ఆ ఇంజక్షన్ ఇస్తే మజ్జలోని మూలకణాలు రక్తంలోకి వస్తాయి. నాలుగైదు గంటలు కుర్చీలో కూర్చుంటే చాలు, చాలామంది దాతలకి ఎముకలో సూది గుచ్చే పని లేదు. ఒళ్ళునొప్పులు ఉంటాయి, తగ్గిపోతాయి.

మ్యాచింగ్ మాత్రం కష్టం. సొంత తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. లేకపోతే పరాయివాళ్ళలో వెతకాలి. కులంలోపల, మేనరికాల్లో పెళ్ళిళ్ళు చేసుకున్న మనలాంటి వాళ్ళకి సరిపోయేవాడు మనలోనే దొరికే అవకాశం ఎక్కువ. జర్మనీ రిజిస్ట్రీలో లక్షలమంది ఉంటే మనకేం లాభం? చెన్నైలో 2009లో మొదలైన దాత్రి లాంటి రిజిస్ట్రీలు కంపెనీల్లో క్యాంపులు పెట్టేది అందుకే. బుగ్గ లోపల పుల్ల తిప్పి ఇస్తే పేరు నమోదవుతుంది.

టీషర్టు ఇస్తారని, సెల్ఫీ బాగుంటుందని పుల్ల తిప్పకండి. మార్పిడికి ముందు రోగి మజ్జని కీమోతో తుడిచేస్తారు. ప్రొడక్షన్ డేటాబేస్ డిలీట్ చేసేశాక బ్యాకప్ ఇచ్చేవాడు రానంటే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా? ఇక్కడ పోయేది డేటా కాదు. "ఇంట్లో వద్దన్నారు" అనే మాట చెప్పాలంటే పుల్ల తిప్పేముందే చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఒప్పుకున్నారంటే మాత్రం, ఇంట్లో ఈ సంగతంతా ముందే కూర్చోబెట్టి చెప్పి, ఫోన్ వచ్చిన రోజు వెళ్ళండి.