కొండపత్తి, కెరంగు, తొగరు ఎరుపు

నూరో నెంబరు నూలు కిలో తీస్తే దాని పొడవు 169 కిలోమీటర్లు. విశాఖపట్నంలో మా ఇంటి గుమ్మానికి ఒక కొస కట్టి బయల్దేరితే, శృంగవరపుకోట దాటి, ఘాటు రోడ్డెక్కి, అనంతగిరి మీదుగా అరకు చేరాక కూడా ఇంకా యాభై కిలోమీటర్ల పోగు చేతిలో మిగులుతుంది. అంత సన్నని పోగు రాట్నం మీద తీసే చేతులు శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఉన్నాయి. ఆ పోగు పుట్టిన పత్తిని కొండపత్తి అంటారు.

నేను స్వెటర్లు, శాలువలు, పిల్లల టోపీలు అల్లి అమ్ముతాను. పాతికేళ్లుగా అదే నా పని. అయితే ఈ నాలుగైదేళ్లుగా అల్లకానికంటే, చేతిలో ఉన్న నూలు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడానికే ఎక్కువ పొద్దు పోతోంది. దానికి కారణం డుంబ్రిగుడ దగ్గర ఒక గదబ తెగ అవ్వ అడిగిన ప్రశ్న.

ఒక పెద్ద నగరంలోని బట్టల దుకాణం నన్ను రెండు వందల స్కార్ఫులు అల్లిపెట్టమంది. గదబ స్త్రీలు కట్టుకునే గుడ్డలోని చారలు కావాలి, ఎరుపు, తెలుపు, నీలం. నూలు మాత్రం ఆక్రిలిక్ అయితే చాలన్నారు. ఉతికినా రంగు పోదు, ధర తక్కువ, చలికి వెచ్చగా ఉంటుంది. నమూనా అల్లాను. బాగానే వచ్చిందనిపించింది. అరకు వెళ్లినప్పుడు తెలిసినవాళ్ల వెంట ఆ ఊరికి పోయి అవ్వకి చూపించాను. ఆవిడ చారల వంక చూడనే లేదు. అంచున వేలాడే పోగు ఒకటి పట్టుకుని, వేళ్ల మధ్య పురి విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది ఏ సెట్టు నారమ్మా?" అంది.

ఆక్రిలిక్ చెట్టుకి కాయదు, మొక్క నుంచి ఒలిచేది కాదు, ముడి చమురు నుంచి తీసేది. ఆ మాట ఆవిడకి చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆర్డరు వద్దని రాసేశాను.

చలికొండలు కదా, ఇక్కడ ఉన్ని నేత ఉండే ఉంటుందనుకుంటారు చాలామంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గడ్డిమీద మంచు పేరుకుంటుంది. అయినా గొర్రెబొచ్చు నేత ఈ కొండల పని కాదు. అది దక్కను మెట్టల పని. తెలంగాణలో కురుమలు, రాయలసీమలో కురుబలు దక్కనీ గొర్రె బొచ్చు కత్తిరించి, వడికి, గొంగడి నేసి, చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తారు. కోస్తావైపు నెల్లూరు జాతి గొర్రెకి ఒంటిమీద వెంట్రుకే గాని ఉన్ని ఉండదు. తూర్పు కనుమల్లో చలిని కాచుకున్నది నెగడుతో, నూలు దుప్పటితో, నారగుడ్డతో.

ఊలు స్వెటరు ఈ కనుమలకి వచ్చింది చాలా ఆలస్యంగా, అదీ హిమాలయాల అవతలి మనుషుల చేతుల మీదుగా. టిబెట్ వదిలి వచ్చిన శరణార్థుల్లో కొందరికి 1963లో ఒడిశాలోని చంద్రగిరి దగ్గర, సవర కొండల నడుమ, చోటిచ్చారు. ఇప్పుడది గజపతి జిల్లా. వాళ్లు అక్కడ మొక్కజొన్న పండించారు, తివాచీలు నేశారు, చలికాలం వచ్చేసరికి లూధియానా నుంచి స్వెటర్లు తెచ్చి పట్నాల్లో రోడ్డు పక్కన దుకాణాలు పెట్టారు. నేను అల్లిక మొదట చూసింది విశాఖలో అలాంటి ఒక టిబెటన్ ఆవిడ ఒళ్లో. బేరాల్లేని వేళ ఆవిడ రెండు సూదులూ ఆగేవి కావు. రాలిన కుట్టు ఎలా ఎత్తుకోవాలో నాకు చూపించింది కూడా ఆవిడే. మా ఇద్దరికీ కలిసిన మాటలు పదికి మించవు. ఆ చేతుల్నించి నేర్చుకున్నది మాత్రం ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది.

ఊలు కథ అంతవరకే. కెరంగు దగ్గర నేను ఎక్కువసేపు నిలబడాలి.

కెరంగు అంటే గదబ స్త్రీలు అడవి మొక్క బెరడు నుంచి తీసిన నార, ఆ నారతో నేసిన గుడ్డ. కొమ్మలు కొట్టి తేవాలి, బెరడు ఒలవాలి, ఆరబెట్టాలి, నార తీసి సన్నగా చీల్చాలి, పురిపెట్టి కొసకి కొస కలపాలి. దానికి నూలు పోగులు జోడించి, అడ్డచారలు వచ్చేలా నేస్తారు. నేసేది ఆడవాళ్లే, కట్టుకునేదీ వాళ్లే. కొమ్మ నరికిన దగ్గర్నుంచి నడుముకి చుట్టుకునేదాకా ఒక మనిషి చేతిలో సాగిన పని అది. మాచ్‌ఖండ్ నది అవతల బోండా తెగ స్త్రీలు కట్టుకునే రింగా కూడా ఇలాంటి నారతో, ఇలాంటి చిన్న మగ్గం మీద నేసినదే. రింగా వెడల్పు మూరెడు మించదు. ఆ కొలత వెనుక పేదరికం ఉందని బయటినుంచి వచ్చినవాళ్లు రాసుకున్నారు. ఒక్కో పోగు వెనుక ఎంత పని ఉందో లెక్కగడితే ఆ మాట అనలేం.

మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారితో కలిసి 1909లో వెలువరించిన ఏడు సంపుటాల గ్రంథంలో గదబల గురించి వివరంగా ఉంది. చెవులకి వేలాడే పెద్ద ఇత్తడి తీగ చుట్టల గురించి, నడుము వెనుక గుత్తిగా కట్టుకునే నల్లదారాల గురించి రాశారు. ఆ దారాలు నలభై దాకా ఉంటాయట. థింసా నృత్యం ఆడేటప్పుడు నడుము వెనుక ఆ గుత్తి అడుగుకో ఊపు ఊగుతుంది. అల్లిక తెలిసిన నేను ఆ దారాలు చూసిన ప్రతిసారీ వాటి పురి గురించే ఆలోచిస్తాను. గుత్తిలో ఏ దారమూ మరో దారానికి మెలిపడదు. పురి సమంగా పడితే తప్ప దారం అలా ఒదగదు.

అదే గ్రంథంలో ఒక కథ ఉంది. ఒక దేవత మారువేషంలో గదబ ఊరికొచ్చి, కాసేపు మంచం మీద నడుం వాలుస్తానని ఒకావిడని అడిగిందట. అడుక్కునేవాళ్ల చోటు నేల అని ఆవిడ కసిరిందట. ఆ మాటకి శిక్షగా గదబ స్త్రీలంతా నడుము వెనుక ఆ దారాల గుత్తి కట్టుకోవాలని దేవత శపించిందట. బోండాల గురించి వెరియర్ ఎల్విన్ 1950లో పుస్తకం రాశాడు. వాళ్ల కట్టు వెనుకా ఇలాంటి శాపం కథే చెబుతారు. స్నానం చేస్తున్న సీతని చూసి నవ్వినందుకు వచ్చిన శాపమట అది. ఈ రెండు కథల్నీ నేను ఒప్పుకోను. నెలల తరబడి పనిచేసి తన ఒంటికి కావలసినదాన్ని తానే పుట్టించుకున్న ఆడదాని విద్యని, ఎవరో విధించిన శిక్షగా మార్చేశాయి అవి. పత్తిచీర కట్టినవాళ్ల కళ్లతో చూస్తేనే ఆ కట్టు శాపంలా కనిపిస్తుంది.

ఆ కళ్లే చివరికి గెలిచాయి. సంతకి మిల్లు చీరలు వచ్చాయి. నెలల పని ఒక్క బేరంతో తప్పిపోయింది. కిందినుంచి వచ్చినవాళ్ల నవ్వులు కూడా ఆ చీరల వెంటే వచ్చాయి. 1955లో మాచ్‌ఖండ్ జల విద్యుత్కేంద్రం మొదలైంది. దాని కోసం కట్టిన జోలాపుట్ జలాశయం కింద గదబల ఊళ్లు మునిగాయి. ఊరు మారినవాడికి పొలం మారుతుంది, అడవి మారుతుంది, నారమొక్క ఏ గట్టున ఉందో తెలిసిన దారి మారుతుంది. ఇప్పుడు కెరంగు చూడాలంటే ఉత్సవాల్లో చూడాలి, లేదంటే 1996లో అరకులో తెరిచిన గిరిజన మ్యూజియం లాంటి చోట్ల చూడాలి. నేను ఎదిగిన కాలంలోనే రోజువారీ కట్టుగా అది తప్పుకుంది. ఆ మాట రాస్తుంటే నాకు బాధగా ఉంది. నేను తొలిసారి అరకు వెళ్లింది ఇరవై ఏళ్ల వయసులో. రైలు కిటికీలోంచి సొరంగాలు లెక్కపెట్టుకున్నాను గాని గుడ్డ గురించి ఎవర్నీ అడగలేదు.

కొండలమీది ఎరుపు కథ వేరు. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు తొగరు వేరు బెరడుతో నూలుకి ఎరుపు ఎక్కిస్తారు. ఒడియాలో దాన్ని ఆల్ అంటారు. తెలుగులో తొగరంటేనే ఎరుపు, చెట్టు పేరూ రంగు పేరూ ఒకటే. పత్తికి రంగు పట్టించడం తేలిక కాదు. ఆముదం, పేడ, బూడిదనీళ్లు ఒకదాని వెంట ఒకటి పట్టిస్తూ, ఉతుకుతూ, ఎండబెడుతూ వారాల తరబడి నూలుని సిద్ధం చేస్తేనే వేరులోని ఎరుపు లోపలికి దిగుతుంది. వేరు ముదురో లేతో, ఎంత వేశారో దాన్నిబట్టి ఇటుక ఎరుపు నుంచి కాఫీగింజ రంగు దాకా వస్తుంది. ఇనుము తగిలితే నలుపు. గదబలు, పరజలు ఈ బట్ట కొని కట్టుకున్నారు. అంటే కొండమనిషి తన నార తాను తీసుకున్నా, ఎరుపు కోసం పక్క ఊరి నేతగాడి దగ్గరకి పోయాడు. సంతలో ఆ ఇద్దరూ ఎదురుపడ్డారు. కోట్‌పాడ్ చేనేతకి 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నియమగిరి డోంగ్రియా కోందుల కుట్టు శాలువ కపడాగండాకి 2024లో వచ్చింది. డోంగ్రియాలు నేయరు, డొంబు నేతగాళ్ల దగ్గర గుడ్డ తీసుకుని దానిమీద కొండల మొనలు కుడతారు. ఇవాళ నగరాల్లో ఆ శాలువ మీద మోజు బాగా పెరిగింది. కుట్టినవాళ్ల పేరు ఎలాగో వినిపిస్తోంది, నేసినవాళ్ల పేరు కూడా వినిపించాలి.

మళ్లీ పొందూరికి వస్తాను, నా చేతిలో ఉన్న నూలు అక్కడిది కాబట్టి. కొండపత్తి పోగు కురచ. యంత్రానికి పొడవాటి పోగు కావాలి, అందుకే మిల్లువాడికి ఇది పనికిరాదు. పొందూరు పట్టుసాలి స్త్రీలు ఆ కురచ పోగునే నూరో నెంబరుకి సాగదీస్తారు. గింజ తియ్యకముందే వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల వరసలో చెత్త ఆగిపోయి పోగులన్నీ ఒకే దారికి వస్తాయి. గింజ తీశాక దూది ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో పెట్టి, అందులోంచే వడుకుతారు. నేను వెళ్లిన ఇంట్లో ఫ్యాను వెయ్యబోతే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. "గాలి తగిలితే పోగు నిలవదు తల్లీ" అంది. ఎండాకాలం మధ్యాహ్నం, తలుపు ఓరగా వేసి, చెమటోడుస్తూ ఆవిడ తీసిన పోగు నాకు కంటికి ఆనలేదు. వెలుతురుకి ఎదురు పెట్టి చూపించింది. గాంధీ ఈ ఖద్దరు సంగతి విని కొడుకు దేవదాసుని చూసి రమ్మని పంపాడని ఆ ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. వడికేవాళ్లనీ నేసేవాళ్లనీ ఒకచోటికి చేర్చిన ఖాదీ సంఘం అక్కడ 1949 నుంచి ఉంది.

ఆ నూలు అల్లికకి పుట్టింది కాదు. ఒంటి పోగుతో అల్లితే గుడ్డ ఒక పక్కకి వాలిపోతుంది, పురి తన దారిన లాగుతుంది కాబట్టి. రెండు పోగులు తీసుకుని పురికి ఎదురు పురి వేస్తే ఆ లాగుడు చల్లారుతుంది. అలా జంటలు చేసి, జంటల్ని మళ్లీ కలిపి, నా సన్న సూదికి సరిపడే దారం చేసుకునేసరికి ఒక చలికాలం అయిపోయింది. పత్తికి ఊలుకున్న సాగుడు లేదు. చేతి పట్టీ నాలుగు ఉతుకులకి వదులైపోతుంది. అందుకని పట్టీ మానేసి అంచు మడిచి కుట్టాను, అల్లిక కొంచెం బిగించాను. ఎరుపు కావలసిన చోట కోట్‌పాడ్ నూలు వాడాను. రంగులు ఆ రెండే, పత్తి తెలుపు, తొగరు ఎరుపు. గదబ చారల వరస నా స్వెటర్ల మీద వెయ్యను. ఆ వరస కెరంగుది. కెరంగు తీసే చెయ్యి వెయ్యమంటే అప్పుడు వేస్తాను.

నా స్వెటరు ఖరీదు ఎక్కువే. ఏడాదికి ఎన్నో రావు కూడా. ప్రతి దాని లోపల ఒక గుడ్డముక్క కుడతాను. నూలు ఏ ఊరిది, రంగు ఏ వేరుది, వడికింది ఎవరు, రంగు ఎక్కించింది ఎవరు అని అందులో రాస్తాను. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ల కష్టం గురించి మరియా మీస్ 1982లో పుస్తకం రాసేదాకా, ఆ లేసు కొన్నవాళ్లకి అల్లినవాళ్లు కనబడలేదు. నేను అమ్మే వస్తువు విషయంలో అలా జరగకూడదు.

అవ్వ దగ్గరికి పోయినేడాది మళ్లీ వెళ్లాను. కొండపత్తి శాలువ ఇచ్చాను. పోగు విప్పి చూసింది, వాసన చూసింది, ఈసారి ఏ చెట్టని అడగలేదు. భుజం మీద వేసుకుంది. కెరంగు తియ్యడం నేర్పమని అడిగితే, కొమ్మలు తెచ్చే ఓపిక తనకి లేదంది. తనకి తెలిసిన పని తన కూతుళ్లకి తెలియదంది.

ముంచింగిపుట్టు, పెదబయలు, హుకుంపేట, డుంబ్రిగుడ ఊళ్ల చదువుకున్న పిల్లలకి నాదొక్క మనవి. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని కెరంగు తీయడం తెలిసిన ముసలామె ఉంటే, ఈ చలికాలం పోకముందే ఆమె పక్కన కూర్చోండి. నార ఎలా చీల్చాలో, ఎంత పురి పెట్టాలో చూసి నేర్చుకోండి, ఫోనులో వీడియో తీసి దాచండి. కొమ్మలు మోసేవాళ్లు లేరంటే నాకు కబురు పెట్టండి. నేనొచ్చి మోస్తాను.