గిలకల విల్లు

విల్లనగానే మనకి మిథిలానగరం గుర్తొస్తుంది. శివధనుస్సుని కదపలేక చెమటలు కక్కిన రాజులూ, ఎక్కుపెట్టబోయి ఫెళ్ళున విరిచేసిన రాముడూ! బరువైన విల్లు ఎత్తగలిగినవాడే వీరుడన్నమాట. సీతమ్మ వంతు దండ పట్టుకు నిలబడడమే. (చిన్నప్పుడు ఆవిడ ఆటల్లో ఆ వింటి పెట్టెని అవలీలగా పక్కకి జరిపిందని మన ఆడవాళ్ళు చెప్పుకుంటారు లెండి!)

వేల ఏళ్ళుగా విల్లు స్వభావం ఒక్కటే. లాగినకొద్దీ బరువెక్కుతుంది. పూర్తిగా లాగి గురి చూసుకోవలసిన ఆ నాలుగు క్షణాల్లోనే భారమంతా వేళ్ళమీదా, భుజంమీదా పడుతుంది. చెయ్యి వణికిందా, గురి తప్పిందే.

ఈ స్వభావాన్ని తిరగేసినవాడు రాజూ కాదు, ఋషీ కాదు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హాలెస్ విల్బర్ ఆలెన్ అనే వేటగాడు. మామూలు విల్లు కొసలు రెండూ కోసేసి, గిలకలు బిగించాడు. 1966లో పేటెంటుకి దరఖాస్తు పెట్టుకుంటే 1969 డిసెంబరు నెలాఖరుకి వచ్చింది. అదే కాంపౌండ్ విల్లు.

గిలకంటే మనకి కొత్తేమిటి? కానీ నూతి గిలకకి ఇరుసు సరిగ్గా మధ్యలో ఉంటుంది. అందుకే నీళ్ళు నిండిన బొక్కెన అడుగునుంచి పైదాకా ఒకే బరువు. ఆలెన్ తన గిలకకి ఇరుసుని పక్కకి జరిపాడు. కిటుకంతా అక్కడే ఉంది. నారి లాగుతుంటే గిలక తిరుగుతుంది. మొదట బరువు చరచరా పెరిగి, వింటి బద్దలు వంగుతాయి. ఇంకా లాగేసరికి ఇరుసునుంచి నారికి దూరం పెరిగి, బద్దల్ని లాగే తాడుకి దూరం తగ్గుతుంది. పొడుగాటి పలుగుతో బండని లేపినట్టు, అక్కడ చేతికి బరువు తేలికైపోతుంది. ఇప్పటి విల్లుల్లో నడుమ 23 కిలోల బలంతో లాగినదాన్ని చివర 5 కిలోల లోపు బలంతో పట్టుకుని నిలబడవచ్చు.

అలాగని శ్రమేమీ మాయం కాలేదు. లాగేటప్పుడు పెట్టిన శక్తంతా బద్దల్లో దాగి ఉంటుంది. పెళ్ళిపనులన్నీ ముందే ముగించి, మగపెళ్ళివారు దిగే వేళకి చీర మార్చుకుని నవ్వుతూ ఎదురొచ్చిన ఇల్లాలిలాంటిదీ విల్లు.

కాలిఫోర్నియాలో విల్లులు చేసే టామ్ జెన్నింగ్స్ వీటిని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత్తర్వాత నారిలో చూపుకో చిన్న కన్నం, గురికో అద్దం, వేళ్ళతో వదలకుండా మీటతో వదిలే పరికరం కూడా చేరాయి. "ఇది విల్లా, యంత్రమా?" అని పాతవిల్లు వాళ్ళు ముక్కు విరిచారు. 1972లో మ్యూనిక్‌లో విలువిద్య మళ్ళీ ఒలింపిక్స్‌కి వచ్చింది గానీ, ఆ పంక్తిలో దీనికి విస్తరి వెయ్యలేదు.

బరువు గిలకలు మోస్తే మనిషి గొప్పేముందనే మాట నాకు రుచించదు. మిషనుమీద కుట్టినంత మాత్రాన రవిక దానంతటదే కుదురుతుందా? పోటీలో 50 మీటర్ల దూరాన పది పాయింట్ల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లు. చిన్న పూరీ అంత! చెయ్యి వణకని విల్లు అందరికీ ఉంది కనక అందరి బాణాలూ ఆ పూరీలోనే పడతాయి. ఒక్కటి అంచు దాటితే ఆట పోయినట్టే.

2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలే చూడండి. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ ఆడవాళ్ళ ఫైనల్లో కొరియా అమ్మాయిమీద పదిహేను బాణాలు వేసి 150కి 149 తెచ్చుకుంది. పధ్నాలుగు బాణాలు పూరీలో, ఒక్కటి పక్కన! ఓజస్ దేవతలేతో జంటగా వేసినప్పుడు కొరియావారిమీద 159–158. అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి వేసినప్పుడు చైనీస్ తైపీమీద 230–229. మూడూ బంగారు పతకాలే. రెండింట్లో తేడా ఒక్క పాయింటు!

ఇన్నాళ్ళకి ఒలింపిక్స్‌వారి మనసూ కరిగింది. 2028లో లాస్ ఏంజెలెస్‌లో ఈ విల్లుకి మొదటిసారిగా పోటీ పెడుతున్నారు. అదీ ఒక్కటే, ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ కలిసి వేసే జంట పోటీ. ఒంటరిగా నిలబడి వేసేదానికి ఇంకా చోటివ్వలేదు.